కట్ చేసిండంటే చేస్తడు

పరశురాంకు ఫోన్ మోగిందంటే లెక్కల సెక్షన్ అంతా ముసిముసిగా నవ్వుకునేది. అప్పు కావాలా సార్ అని ఒకరు, కార్డు తీసుకోండి సార్ అని ఒకరు, షాద్‌నగర్ అవతల ప్లాట్లు అయిపోవస్తున్నాయని ఇంకొకరు. వద్దనడం చేతగాని మనిషి. అందరికీ మర్యాదగా బదులిచ్చి, ఇంట్లో అడిగి చెప్తానని ఒప్పుకుని, అన్నం చల్లారబెట్టుకునేవాడు. ఆ రోజు విసిగిపోయి, టిఫిన్ డబ్బాలు విప్పే వేళకు తన ఫోన్ తెచ్చి మురళీమోహన్ ముందు పెట్టాడు.

"గీ దిక్కుమాలిన ఫోన్లకు ఏదన్న మందు సెప్పు సార్. ముద్ద నోట్ల పెట్టుకుంటానికి లేదు."

"మందుంది" అన్నాడు మురళీమోహన్, చేయి తుడుచుకుంటూ. "జర ఇటియ్యి."

మహబూబ్‌నగర్ కరెంటాఫీసులో ఇట్లాంటి వాటికి అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. మురళీమోహన్ గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. ఎవరితోనూ పోట్లాడడు. పోట్లాడితే మనిషి మళ్లీ ఎదురుపడతాడు, మాటకు మాట అంటాడు, చివరికి ఎవరో ఒకరు తగ్గాలి. బ్లాక్ చేస్తే అట్లా కాదు. అవతలివాడు గోడతో మాట్లాడుకుంటాడు. గోడకు పాపం అంటదు. ఈ సంగతి అతడు ఎవరికీ చెప్పలేదు గాని, ఫోన్ చేతికొచ్చిన కొత్తల్లోనే కనిపెట్టి, మందు అలవాటైనవాడిలా దాన్ని లోపల దాచుకున్నాడు.

"సూడు, నంబరు మీద గిట్ల ఒత్తి పట్టుకోవాలె. కింద బ్లాక్ అని వస్తది. అంతే. మల్ల వాడు ఎన్నిసార్లు చేసినా నీకు వినపడదు."

"మరి వానికేం వినపడ్తది సార్?"

"సగం రింగు పోయి కట్ అయితది. బిజీ ఉన్నరని వస్తది."

"అబద్ధమాడుతదన్నట్టు, మన తరఫున" అని పరశురాం సంబరపడ్డాడు. "మరి ఎవలెవల్ని చేసిన్నో నాకు యాదికెట్లుండాలె?"

మురళీమోహన్ తన ఫోన్ తీసి ఆ జాబితా ఎక్కడుంటుందో చూపించాడు. చూపించిన తర్వాత గాని తప్పు తెలియలేదు. పరశురాం అప్పటికే వేలు పెట్టి చదువుతున్నాడు.

"లోను ఒకటి, లోను రెండు, ప్లాటు, కార్డు, అక్క... గీ అక్క ఎవరు సార్? అక్క పేరు వెట్టుకొని గూడ లోన్లమ్ముతున్నరా?"

పక్క బల్లల వాళ్లు పకపకా నవ్వారు. మురళీమోహన్ కూడా పెదవులు కదిలించాడు.

"పాత నంబరు. సిమ్ము మార్చింది."

"మరి తీసేయరాదు సార్? ఒట్టిగ జాగా ఆపుకోవుడెందుకు?"

"తీస్త" అని ఫోన్ బోర్లా పెట్టి, అన్నం కలుపుకోసాగాడు.

అక్క సావిత్రమ్మ అతన్ని చంకనెత్తుకుని తిప్పేంత పెద్దది. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే నారాయణపేటకు తిరిగి వచ్చి, నాయిన వెంకటరాజం మగ్గం పక్కనే ఇంకో మగ్గానికి గుంట తవ్వించుకుని కూర్చుంది. ఇద్దరూ పక్కపక్క గుంటల్లో కాళ్లు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే రోజంతా మాట్లాడుకునేవాళ్లు. ఆ చప్పుడు మధ్యలో కూర్చుని మురళీమోహన్ డిగ్రీ దాకా చదివాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఉద్యోగమొచ్చి మహబూబ్‌నగర్ చేరాడు. పోయే ముందు అక్క చేతికి చిన్న మీటల ఫోన్ ఒకటి ఇచ్చి, ఒక పద్ధతి నేర్పాడు.

"నువ్వు ఒట్టి రింగియ్యి అక్కా. నేను కట్ చేసి తిరిగి చేస్త. నీ బ్యాలెన్స్ ఎందుకు ఒడ్వాలె?"

ఆ రోజుల్లో అందరిండ్లల్లోనూ ఉన్న పద్ధతే అది. తరువాత ఎంత మాట్లాడినా తరగని రీచార్జీలొచ్చాయి, అందరూ ఆ పద్ధతి మరిచిపోయారు. సావిత్రమ్మ మాత్రం మరవలేదు. ఆమెకు ఆ కట్ కావడమే ఒక జవాబు. 'నాయినా, తమ్ముడు కట్ చేసిండు' అని, 'తమ్ముడు బస్సెక్కిండు' అన్నంత నిబ్బరంగా చెప్పేది. ఎక్కినవాడు దిగకుండా ఉంటాడా? కాసేపటికి ఫోన్ మోగేది. 'తిన్నవా తమ్మీ?' అని అడిగేది. తిన్న అనేవాడు. ఆ తర్వాత ఇద్దరికీ పెద్దగా మాటలుండేవి కావు. వెనకనుంచి, నాయిన మగ్గం మీద నూలు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె టకటక వినిపిస్తూ ఉండేది.

ఒకసారి అతడు పనిలో ఉండి కట్ చేసినా ఆమె వెంటవెంటనే మళ్లీ చేసింది. ఆ సాయంత్రం కసిరాడు. "కట్ చేసినంక మల్ల మల్ల చెయ్యకక్కా. నేనే చేస్త. మనిషన్నంక జర ఓపికుండాలె." మంచిది తమ్మీ అంది. ఆనాటి నుంచి కట్ అయ్యాక మళ్లీ చేసి ఎరగదు.

పోయిన వానాకాలం ఒక పొద్దున వెంకటరాజం మగ్గం మీదికే ఒరిగిపోయాడు. పినతండ్రి కొడుకు దయాకర్ ఆటో తెచ్చాడు. నాయినను ఒళ్లో పడుకోబెట్టుకుని దవాఖానకు పోతూ సావిత్రమ్మ తమ్ముడికి రింగిచ్చింది. మురళీమోహన్ అప్పుడు మీటింగులో ఉన్నాడు. కట్ చేశాడు. మీటింగు అయిపోయింది. ఎవరో చాయ్ చెప్పారు. బదిలీల మాటలొచ్చాయి, ఎవరిని ఎక్కడికి వేస్తారోనని నవ్వులాటలు సాగాయి. అతడు మరిచిపోయాడు. అంతే. దీనికి ఇంకో పేరు పెట్టుకోవడానికి తరువాత చాలాసార్లు ప్రయత్నించాడు గాని దొరకలేదు. పొద్దుగూకే వేళ దయాకర్ ఫోన్ చేసి చెప్తేనే తెలిసింది.

దినాలనాడు, భోజనాల బంతి లేచాక, పదిమందీ పందిరి కింద కూర్చున్నప్పుడు మేనత్త బిక్షమ్మ ఉండబట్టలేకపోయింది. "కొడుకు కోసం తొవ్వ సూసుకుంట పానమిడిసిండు నా తమ్ముడు. కొడుకేమొ దొరలెక్క మాపటికి దిగిండు."

మురళీమోహన్ తల వంచుకున్నాడు. అట్లాంటి మాటలకు అతడు సిద్ధపడే వచ్చాడు. తిట్టనీ, ఇంకో నాలుగు అననీ అనుకున్నాడు. తిట్లు తింటే ఏదో కొంత తీరుతుంది. అప్పుడు సావిత్రమ్మ లేచింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"వాణ్ణేమనకుండ్రి అత్తా. నేను రింగిస్తె తమ్ముడు కట్ చేసిండు. కట్ చేసిండంటే చేస్తడు. నాయినకు గూడ గదే సెప్పిన ఆటోల. నాయిన నా చేతులకెంచి ఫోను గుంజుకొని చెవుకాడ పట్టుకున్నడు. వాడు చేస్తుండె. నాయినే ఆగలే."

అంతవరకు ఫోన్ వచ్చిన సంగతే ఎవరికీ తెలియదు. అందరి చూపులూ అతని చొక్కా జేబు మీదికి పోయి, అక్కడ ఉబ్బెత్తుగా కనపడుతున్న ఫోన్ దగ్గర ఆగాయి. బిక్షమ్మ నోరు మూసుకుంది. తమ్ముణ్ణి కాచుకున్నానన్న తృప్తితో సావిత్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, అతనికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతడు తాగాడు.

తిరుగు బస్సు మరికల్ దాటాక ఫోన్ తీసి ఆమె నంబరు ఒత్తి పట్టుకున్నాడు.

కొన్నాళ్లకే అనుకున్నాడు. కోపం దిగాక తీసేద్దామనుకున్నాడు. కోపం ఎవరి మీదో తేల్చుకోలేదు గనుక అది దిగలేదు. బ్లాక్ అయినవాళ్లు ఎప్పుడెప్పుడు చేశారో ఫోన్ ఒక మూలన రాసిపెడుతుంది. ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, బాల్కనీలో నిలబడి రోజూ దాన్ని తెరిచేవాడు. అక్క. మధ్యాహ్నం, బువ్వ తిని మగ్గమెక్కే ముందు. ఒక్కసారే. కట్ చేసినంక మల్ల చెయ్యదు కదా. గొళ్లెం పెట్టిన తలుపును ఇంకోసారి లాగి చూసుకున్నవాడిలా అతడు కుదుటపడేవాడు. ఆమె బతికి ఉంది. చేస్తూనే ఉంది. తాను ఎత్తడం లేదు. నేనేం చేసిన తమ్మీ అని ఆమె లోలోపల కుమిలిపోతున్నట్టు ఊహించుకునేవాడు. ఆ ఊహలో అతనికి చల్లగా నిద్ర పట్టేది. భార్య వసంతలక్ష్మి అడిగితే, రోజూ ఆఫీసు నుంచే మాట్లాడుతున్నానని చెప్పేవాడు.

పరశురాం జాబితా చదివిన వారంలోనే, ఒక ఆదివారం సాయంత్రం దయాకర్ వచ్చాడు. నారాయణపేట చీరలు మూటగట్టి మహబూబ్‌నగర్ దుకాణాల్లో వేసి పోతుంటాడు. వసంతలక్ష్మికి సావిత్రమ్మ పంపిన పల్లీల పొడి, జొన్నరొట్టెలు చేతికిచ్చి, కుర్చీలో కూలబడి, చాయ్ చేతికి రాకముందే అడిగాడు.

"అన్నా, నీ ఫోన్ ఏం కంపెనీ?"

"ఎందుకురా?"

"అక్క అడిగి రమ్మన్నది. ఆమె ఫోన్‌కు నీదొక్కటే వస్తలేదంట."

వంటింటి గుమ్మంలో వసంతలక్ష్మి ఆగిపోయింది. "అదేంది? ఆఫీసుకెంచి రోజు చేస్తున్ననన్నరు?"

"చేస్తడు వదినా, చేస్తలేడని ఎవలన్నరు?" దయాకర్ చేతులు తిప్పాడు. "అక్క రింగిస్తె ఒక్క రింగుకే కట్ చేస్తడు. మా వాడకట్టంత సెప్పుకుంటది. 'నా పేరు కనవడంగనే కట్ చేస్తడు, సగం రింగు గూడ పోనియ్యడు, ఫోను చేతులనే పట్టుకొని కూసున్నట్టు' అని. మా అమ్మను ఎక్కిరిస్తది గూడ. 'నీ కొడుకు ఉన్న ఊర్లనే ఉండి పది రింగులకు ఎత్తుతడు, నా తమ్ముడు సూడు' అని. కట్ చేసినోడు తిరిగి చెయ్యకుంట ఉంటడా? చేస్తడు. మరి ఆమెకు రావాలె గదా. వస్తలేదు. ఫోన్లనే ఏదో లోపమున్నది."

మురళీమోహన్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "దుకాణంల సూపియ్యకపోయిండ్రా?"

"రెండు దుకాణాల్ల సూపిచ్చిన. బ్యాటరీ మార్పిచ్చిన. సిమ్ము తుడిపిచ్చిన. 'అవ్వా, అందరియి వస్తున్నయి గదా, మంచిగనే ఉన్నది' అన్నడు దుకాణపాయన. అక్క ఊకుంటదా? 'అందరియి వస్తె ఏం లాభం బిడ్డా, రావాల్సినోనిది వస్తలేదు' అన్నది." దయాకర్ నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "మగ్గం సప్పుడుల ఇనపడ్తలేదేమొనని నీకు రింగిచ్చినంక మగ్గం బందు పెడ్తది. నాడె చేతుల పట్టుకొని అట్లనే కూసుంటది. మల్లొకసారి చెయ్యరాదక్కా అంటె, 'అమ్మో, కట్ చేసినంక చెయ్యొద్దన్నడు' అంటది. దినాం ఇదే కథ."

"ఇక్కడ సిగ్నల్ సక్కగుంటలేదు" అన్నాడు మురళీమోహన్. ఆ మాట దయాకర్‌కు సరిపోయింది. వసంతలక్ష్మికి సరిపోలేదు. ఆమె భర్త మొహం వైపు చూసి లోపలికి పోయింది.

దయాకర్ వెళ్లాక అతడు బాల్కనీలో నిలబడ్డాడు. సిగ్గు రావాల్సిన చోట మొదట వచ్చింది వేరే. మోసపోయానన్న కడుపుమంట. ఇన్ని నెలలు కొట్టాననుకున్నాడు. చెయ్యి నొచ్చింది గాని దెబ్బ తగలలేదు. తిట్టు పంపితే అక్కడికి దీవెనై చేరింది. ఆమె కుమిలిపోలేదు. ఒక్కపూటన్నా కుమిలిపోలేదు. పైగా వాడలో గొప్పలు చెప్పుకుంటోంది. ఇప్పటికిప్పుడు ఫోన్ చేసి, అక్కా, నేను కట్ చేస్తలేను, నిన్ను అవతలికి నెట్టి తలుపేసిన, అని చెప్పాలనిపించింది. ఆ మాట అనడానికైనా ఫోన్ చేయాలి కదా అనుకుని చిన్నబోయాడు.

ఇంకో సంగతి కూడా అతనికి తట్టింది. తట్టిన వెంటనే దాన్ని పక్కకు నెట్టాడు. కట్ చేసినవాడు తిరిగి చేయడన్నది నిజమైతే, ఆటోలో నాయినకు ఆమె చెప్పినది అబద్ధమవుతుంది. దాన్ని ఆమె ఎట్లా మోస్తుంది? అందుకే బ్యాటరీ మార్పించింది. సిమ్ము తుడిపించింది. ఫోన్లో లోపముంటే చాలు, తమ్ముడిలో ఉండనక్కరలేదు.

అన్నం దగ్గర వసంతలక్ష్మి అడిగింది. "బ్లాక్ చేసిండ్రా ఆమెను?"

అతడు రొట్టె తుంచాడు. అక్క పంపిన రొట్టె.

"ఏం చేసింది మీకు?"

"ఏం చెయ్యలే."

అది నిజం. ఎవరు అడిగినా చెప్పడానికి ఒక్క నేరమూ లేదు. క్షమించింది. పదిమందిలో క్షమించింది. దాన్ని ఏ పేరుతో ఫిర్యాదు చేయాలో అతనికి తెలియలేదు.

"ఫోన్ ఎత్తి 'తిన్న' అని ఒక్కమాటంటె ఏంబోతది? మీకాడికెంచి ఆమె ఇంకేం అడుగుతున్నదని?" అంది వసంతలక్ష్మి. గిన్నెలు తీసుకుని లేచింది. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఆ పూటే అక్క నంబరును బ్లాక్ జాబితాలోంచి తీసేశాడు. రేపు మధ్యాహ్నం మోగుతుంది, ఎత్తుతాను అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. పడుకోబోతూ ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా చూసుకున్నాడు. తిన్నవా అక్కా అని ముందు తానే అడగాలి. ఎప్పుడూ అడగలేదు.

మరునాడు టిఫిన్ డబ్బాల వేళకు ఫోన్ మోగింది. తెర మీద అక్క. ఆ రెండక్షరాలు వెలుగుతూ ఉంటే ఎట్లా ఉంటుందో అతడు మరిచిపోయాడు. పరశురాం మెడ చాచి చూశాడు.

"అక్కనట సార్! సిమ్ము మార్చిందంటిరి గదా?"

మురళీమోహన్ ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచాడు. అది చేతిలో వణుకుతోంది. ఎత్తితే ఆ గొంతు వినాలి. తిన్నవా తమ్మీ అంటుంది. ఒక్క నిష్ఠూరమాడదు. ఇన్నాళ్లకు నా ఫోన్ మంచిగైంది చూడు అని తానే సంతోషపడుతుంది. పందిరి కింద మంచినీళ్ల గ్లాసు అందించినట్టు ఇంకోసారి క్షమించి చేతిలో పెడుతుంది, తాగాలి. కట్ చేస్తే తిరిగి చేయాలి. ఆ పద్ధతి నేర్పింది తానే. ఈ రెండూ కాక ఏమీ చేయకుండా నిలబడడం ఒకటుంది. ఏమీ చేయకపోవడంలో అతనంతటి నేర్పరి లేడు. దాని అడుగున, చిన్న నిప్పురవ్వంత కోరిక ఒకటి కదిలింది. రింగు ఒక్కసారి పూర్తిగా విననీ. ఎత్తకపోతే ఎట్లా ఉంటుందో ఒక్కసారన్నా ఆమెకు తెలియనీ.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. వెంటనే మళ్లీ మోగింది. కట్ చేయలేదు కదా, పద్ధతి అడ్డురాలేదు. మళ్లీ ఆగింది. మూడోసారి మోగింది. వరండా గోడకు వీపు ఆనించి, పిల్లవాడు చీమను చూసినట్టు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అది కూడా ఆగిపోయాక లోపలికి వచ్చి అన్నం తిన్నాడు. ఉప్పెక్కువైందో తక్కువైందో తెలియలేదు.

"ఎత్తలేదా సార్?" అన్నాడు పరశురాం.

"కట్ అయింది."

ఆ మరునాడు ఒక్కసారే మోగింది, చివరిదాకా మోగింది. దాని తర్వాత ఇంక మోగలేదు. ఆ మధ్యాహ్నాలు ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. సాయంత్రం బాల్కనీలో నిలబడి తెరవడానికి కూడా ఏమీ లేదు. బ్లాక్ లేదు గనుక ఆ మూలన ఏమీ రాసి ఉండదు. ఇన్ని నెలల్లో ఎన్నడూ లేనిది, అక్క బతికి ఉందో లేదో అతనికి తెలియకుండా పోయింది.

శుక్రవారం దయాకర్ ఫోన్ చేశాడు.

"అన్నా, అక్కనేమన్నవ్?"

"నేనేమంట? ఏమనలే."

"మరేమైంది? బువ్వ సక్కగ తింటలేదు. మగ్గం దిక్కు పోతలేదు. అడిగితె, తమ్మునికి నాతోని కోపమొచ్చిందంటాంది."

మురళీమోహన్ ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. చేరింది. చివరికి చేరింది. "ఎప్పటి సంది అంటాంది?" అన్నాడు, గొంతు తేలికగా ఉంచుకుని.

"సోమారం సంది. 'ఇన్నొద్దులు ఒక్క రింగుకే కట్ చేసేటోడు, వాని పానమంత నా మీదనే ఉండె. సోమారం పూర్తి రింగు పోనిచ్చిండు. మూడుసార్లు చేసిన, కట్ చెయ్యలే. నేనేం తప్పు చేసిన్నో' అని ఒకటే ఏడుపు. సోమారం ఏం జరిగిందన్నా మీ ఇద్దరికి?"

సోమవారం. పోయిన వానాకాలం కాదు, మరికల్ దాటిన బస్సు కాదు, పందిరి కింది మాట కాదు. తన కోపానికి ఆమె దగ్గర పుట్టినరోజు సోమవారం. అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులా బయటికొచ్చింది.

"వచ్చే నెల పెద్దనాయిన ఏడాది మాసికానికి వస్తవో రావోనని బుగులు వడ్తున్నది. నేనొచ్చి కాళ్లు పట్టుకోవాల్నా అంటాంది. గదేం మాటన్నా, పెద్దమనిషి నోట్లకెంచి రావాల్సిన మాటేనా?"

"లేదురా. ఫోన్ ఇంట్ల మర్సిపోయిన. అంతే. ఆమెకు సెప్పు."

"సెప్పిన. నమ్ముతలేదు. 'నాకు వాని రింగు తెలుస్తదిరా' అంటాంది." దయాకర్ వేడుకకు అన్నట్టుగా, "నీకు మాట్లాడ తీరకుంటె మానె. ఉత్తగ కట్ అన్న చెయ్యరాదన్నా? గంతకే ఖుషైతది" అన్నాడు.

"నేను మాట్లాడ్త" అన్నాడు మురళీమోహన్.

మాట్లాడదామనే ఆమె పేరు తెరిచాడు. వరండాలో ఎవరూ లేరు. బొటనవేలు పచ్చ గుర్తు మీద ఉంది. తిన్నవా అక్కా. మూడు మాటలు కూడా కాదు. ఆ తర్వాత ఏమనాలి? సోమవారం నుంచి కాదు అక్కా, నా కోపం నాయిన పోయిన దినాల నుంచి ఉన్నది అని చెప్పాలా? అది చెప్తే ఇదివరకటి కట్‌లన్నీ ఏమిటో చెప్పాలి. అవి చెప్తే ఆటోలో నాయిన చెవి దగ్గర పట్టుకున్న ఫోన్ ఏమిటో చెప్పాలి. చెప్పకుండా మాట్లాడితే ఆమె నవ్వుతుంది, ఆ నవ్వు వినాలి. తెర దానంతటది నల్లబడింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ నల్లబడింది.

మూడోసారి వెలిగించినప్పుడు వేలు పచ్చ గుర్తు మీదికి పోలేదు. తనకు బాగా వచ్చిన పని ఒకటుంది కదా. పేరు మీద ఒత్తి పట్టుకున్నాడు. ఈ నంబరును బ్లాక్ చేయాలా అని ఫోన్ అడిగింది. ఔనన్నాడు.

దయాకర్‌కు మళ్లీ ఫోన్ చేశాడు. "అక్కను రేపు ఒకసారి రింగియ్యమను. ఫోన్ నా చేతులనే ఉంటది."

శనివారం మధ్యాహ్నం డబ్బా విప్పాడు గాని ముట్టుకోలేదు. ఫోన్ నిశ్శబ్దంగా ఉంది. రావాల్సిన వేళకు, బ్లాక్ అయినవాళ్ల మూలన ఒక్క వరుస వచ్చి చేరింది. అక్క. ఒక్కసారే. అంటే అక్కడ సగం రింగు పోయి టక్కున తెగింది. వరండాలో నిలబడకపోయినా, నారాయణపేట పోకపోయినా, అతనికి అంతా కనపడింది. ఆమె ఫోన్‌ను చెవి దగ్గరినుంచి తీసి చూసుకుంటుంది. మొహం విప్పారుతుంది. పక్కింట్లో ఉన్న దయాకర్ తల్లికి వినపడేట్టు, కట్ చేసిండు అంటుంది. గుంటలో కాళ్లు దించుకుని కూర్చుంటుంది. మగ్గం ఆడించదు. నాడె చేతిలో పట్టుకుని చూస్తుంది.

"సార్, కొత్త నంబరుకెంచి చేస్తున్నరు ప్లాట్లోల్లు" అంటూ పరశురాం ఫోన్ ముందుకు జరిపాడు. "గిదొక్కటి గూడ చేసిపెట్టరా?"

మురళీమోహన్ దాన్ని అందుకుని, నంబరు మీద ఒత్తి పట్టుకున్నాడు.